కేబుల్ పెట్టినా లింక్ స్పీడ్ 100 దాటట్లేదు

ప్రశ్న:
రూటర్ నుంచి సిస్టమ్‌కి 15 మీటర్ల క్యాట్ 5ఈ నెట్‌వర్క్ కేబుల్ లాగాను. రెండువైపులా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులే. అయినా విండోస్‌లో లింక్ స్పీడ్ 100/100 ఎంబీపీఎస్ చూపిస్తోంది. డ్రైవర్ మార్చినా అంతే. ఎక్కడ చూడాలి?

జవాబు 1:
సరిగ్గా 100 దగ్గర ఆగిందంటే ముందు కేబుల్‌నే అనుమానించండి. 100కి రెండు జతలు (1, 2, 3, 6 పిన్నులు) చాలు. గిగాబిట్‌కి 8 తీగలూ కావాలి. 4, 5, 7, 8లో ఒక్కటి ఆడకపోయినా చాలా నెట్‌వర్క్ కార్డులు లింక్ తెంచకుండా 100కి దిగిపోతాయి. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి లోపం బయటపడదు. చిన్న రెడీమేడ్ ప్యాచ్ కేబుల్‌తో సిస్టమ్‌ని రూటర్ పక్కనే పెట్టి చూడండి. 1000 వస్తే తప్పు ఆ 15 మీటర్లదే.

జవాబు 2:
అలా తేలితే కేబుల్ మొత్తం పారేయకండి, చివర్లు చూడండి. ప్లగ్ క్లిప్‌ని కిందికి తిప్పి పట్టుకుంటే ఎడమ నుంచి: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. ప్రతి రాగి తీగ మొన ప్లగ్ ముందు గోడని తాకాలి. ఒక్కటి వెనకబడినా పిన్ను దాన్ని కొరకదు. కత్తిరించి కొత్త ప్లగ్ క్రింప్ చేయండి (క్రింపింగ్ టూల్‌తో నొక్కి బిగించండి), తీగల జతల మెలికలు 13 మిల్లీమీటర్లకు మించి విప్పొద్దు.

జవాబు 3:
అడాప్టర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్ ఆటో నెగోషియేషన్‌లోనే (రెండువైపులా వేగాన్ని వాటంతట అవే కుదుర్చుకునే పద్ధతి) ఉందా? ఎవరైనా 100 ఫుల్ అని బిగించి ఉంటే కేబుల్ మార్చినా ఫలితం ఉండదు. పైగా రూటర్ హాఫ్ డ్యూప్లెక్స్‌కి (ఒకసారికి ఒకవైపే డేటా) పడిపోయి ప్యాకెట్లు పోతాయి.