ఊరి కమిటీ జరిమానా వేస్తే పిల్లోళ్ల తాగుడు ఆగుతుందా?

కేసీ కాలువ (కర్నూలు)
కోసిగి, హొళగుంద, ఆదోని వైపు ఊళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన ప్రతిపాదన ఇది. లోపాలుంటే ఇక్కడే చెప్పండి.

ఊరికి తొమ్మిది మందితో కమిటీ. పొదుపు సంఘాల నుంచి నలుగురు, హైస్కూల్ హెడ్మాస్టరు, సచివాలయం మహిళా పోలీసు, ఆశా కార్యకర్త, సర్పంచి, ఊరి పెద్ద ఒకరు. 21 ఏళ్లు నిండని పిల్లోడు తాగి దొరికితే ఆ ఇంటికి వెయ్యి రూపాయలు, వాడికి మందు అమ్మినోడికి పది వేలు జరిమానా. రెండోసారి దొరికితే పేరు చావిడి బోర్డు మీదకి, ఊరి వాట్సాప్ గ్రూపులోకి. ఎక్సైజ్ వాళ్లు కమిటీకి అండగా ఉండాలి.

ఎక్సైజ్ ఒక్కదానితో ఎందుకు కాదో అందరికీ తెలిసిందే. ఒక స్టేషన్ కింద ఎన్నో మండలాలు. జీపు బయల్దేరిందన్న కబురు జీపు కంటే ముందే ఊరు చేరుతుంది. చలికాలం వస్తే సగం ఊరు సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయలు కోసేకి పోతుంది. అవ్వ దగ్గరో తాత దగ్గరో ఉండిపోయిన పదో తరగతి పిల్లోణ్ని చూసేవాళ్లుండరు. ఊరే చూసుకోవాలి. మీరేమంటారు?

పంచనామా
కమిటీ వరకు సరే. జరిమానా, బోర్డు, వాట్సాప్ మాత్రం మూడూ తప్పే. పైగా కేసు కమిటీ మెడకే చుట్టుకుంటుంది.

తాగిన పిల్లోడు చట్టం దృష్టిలో నేరస్తుడు కాడు. ఇచ్చినవాడు నేరస్తుడు. బాల న్యాయ చట్టం 2015లో 77వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లలకు మందు ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. 78వ సెక్షన్‌లో పిల్లల చేత మందు మోయించినా, అమ్మించినా అదే శిక్ష. "పోయి ఒక క్వార్టర్ పట్రా" అని పన్నెండేళ్లవాణ్ని పంపిన నాయనకు కూడా ఇది వర్తిస్తుంది. పేరో ఫొటోనో వాట్సాప్‌లో పెడితే 74వ సెక్షన్. ఆరు నెలల జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ.

ఇంకో చిక్కుంది. ఎక్సైజ్ లెక్కలో వయసు 21, బాల న్యాయ చట్టంలో 18. పద్దెనిమిది దాటి ఇరవై ఒకటి నిండని డిగ్రీ పిల్లలకు 77 వర్తించదు. వాళ్లకు అమ్మినవాణ్ని ఎక్సైజ్ చట్టంతోనే పట్టాలి. మీ ప్రతిపాదనలో ఈ రెండు వయసులూ కలిసిపోయినాయి.

హంద్రీ ఒడ్డు
సెక్షన్లు బానే ఉండాయి సార్. ఎన్ని కేసులు నిలబడినాయో చెప్పండి చూద్దాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు సెక్షను చూసి సారా పాకల మీదికి పోలేదు. వాళ్లు లేస్తేనే 1993 అక్టోబరు 1న సారా బందయ్యింది, 1995 జనవరి 16న మొత్తం మద్యనిషేధం వచ్చింది. ఊరి కట్టుబాటుకు భయపడినట్ల కోర్టుకు ఎవరూ భయపడరు. వెయ్యి రూపాయలంటే కూలోళ్లింట్లో రెండు మూడు దినాల కూలి. ఆ నొప్పి తగిలితేనే నాయన కొడుకు జోబీ చూస్తాడు.

పంచనామా
ఆ నిషేధం 1997లో సడలిపోయింది, అది కూడా చెప్పాలి కదా. దూబగుంట వాళ్లు అమ్మేవాడి మీదికి పోయారు, తాగే పిల్లోడి ఇంటి మీదికి కాదు. నేనంటున్నదీ అదే.

కేసులు నిలబడవన్నది మాత్రం నిజం. ఒక కారణం 2021 సవరణ. మూడు నుంచి ఏడేళ్ల శిక్ష ఉన్న బాల న్యాయ నేరాలన్నిటినీ నాన్ కాగ్నిజబుల్ చేశారు. 77, 78 రెండూ అందులో పడ్డాయి. మెజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా ఎస్సై దర్యాప్తు మొదలుపెట్టలేడు. "మైనరుకు మందు అమ్మాడు" అని ఒక్క ముక్క రాసిస్తే స్టేషన్లో అది అక్కడే ఆగుతుంది. దారి ఉంది. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 174(4) ప్రకారం కలిపి పెట్టిన నేరాల్లో ఒక్కటి కాగ్నిజబుల్ అయినా మొత్తం కేసు కాగ్నిజబులే. కాబట్టి ఫిర్యాదులో ముందు లైసెన్సు లేకుండా మందు అమ్మడం, అంటే బెల్టు షాపు, ఎక్సైజ్ చట్టం కింద రాయాలి. ఆ తర్వాత 77.

పది వేల జరిమానా బదులు బైండోవర్ అడగండి. ఎక్సైజ్ వాళ్లు బెల్టు అమ్మకందారుణ్ని తహసీల్దారు ముందు నిలబెట్టి, లక్షో రెండు లక్షలో పూచీకత్తు రాయిస్తారు. మళ్లీ దొరికితే ఆ డబ్బు కట్టాలి, లేదా జైలు. ఊరి జరిమానాకు రసీదుండదు. బైండోవర్‌కు ఫైలుంటుంది.

కౌంటర్ వెనక
బ్రాందీ షాపు వైపు మాట కూడా వినండి. 2024 అక్టోబరు 16 నుంచి షాపులు మళ్లీ ప్రైవేటువే. పొద్దున పది నుంచి రాత్రి పది దాకా అమ్మకం. సాయంత్రం ఏడు దాటాక జాలీ బయట ఒకేసారి పది చేతులుంటాయి. ముఖం కనపడదు, చెయ్యీ నోటూ కనపడతాయి. లోపల ఇద్దరు సేల్స్‌మెన్. ప్రతివాడి ఆధార్ చూడమంటే ఎవడూ చూడడు.

అయినా పదహారేళ్లోడు కౌంటరుకు రావడం తక్కువే. బయట బండి దగ్గర నిలబడి, లోపలికి పోయే పెద్దోడికి డబ్బులిస్తాడు. క్వార్టర్‌కు పదో ఇరవయ్యో కమీషన్. లేదంటే ఊళ్లోనే బెల్టులో కొంటాడు. మేం ఎంత చూసినా ఆ చెయ్యి మాకు కనపడదు.

కేసీ కాలువ
బెల్టుకు సరుకు పోయేది మీ షాపుల నుంచే కదా అన్నా.

కౌంటర్ వెనక
పోతుంది. కాదనను. బెల్టుకు సరుకిచ్చిన లైసెన్సీకి మొదటిసారి 5 లక్షలు, రెండోసారి లైసెన్సు రద్దు అని 2024లోనే సర్కారు ప్రకటించింది. పట్టాలనుకుంటే సీసా మూత చూడండి. మూత మీదుగా అంటించిన ఎక్సైజ్ లేబుల్‌లో క్యూఆర్ కోడ్, నంబరు ఉంటాయి. ఆ సీసా డిపో నుంచి ఏ షాపుకు పోయిందో శాఖ రికార్డులో తేలుతుంది. 2025లో వచ్చిన ఎక్సైజ్ సురక్ష యాప్ సరుకు అసలుదా నకిలీదా చూసుకునేకి. ఏ షాపుదని తేల్చాల్సింది మాత్రం శాఖే.

పంచనామా
ఇది పనికొచ్చే మాట. అయితే మూత తిప్పగానే లేబుల్ చిరుగుతుంది. సగం మూతతో పోతుంది, సగం సీసా మెడకు ఉంటుంది. స్కూలు గోడ వెనక ఖాళీ సీసాలు ఏరి సంచిలో పోసుకొస్తే ఆ నంబరు దొరకదు, సాక్ష్యంగానూ పనికిరాదు. సీసా పడి ఉన్నచోటే ఫొటో తియ్యాలి, మూత కోసం అక్కడే వెతకాలి, ముట్టుకోకుండా ఎక్సైజ్ ఎస్సైని పిలవాలి. వీఆర్వో, ఇంకొకరు మధ్యవర్తులుగా పంచనామా రాశాకే సీసా కదలాలి. కమిటీలో ఒక్కరికి ఇది నేర్పితే చాలు.

గుంతకల్లు జంక్షన్
లేబుల్ లెక్క మా వైపు చెల్లదు. గుంతకల్లు, రాయదుర్గం, ఆలూరు, హొళగుంద, అన్నీ కర్ణాటకకు దగ్గరే ఉన్నాయి. బళ్లారి వైపు నుంచి వచ్చేది 90 మిల్లీలీటర్ల టెట్రా ప్యాకెట్. సీసా కాదు కాబట్టి చప్పుడు చెయ్యదు, పగలదు. స్కూలు బ్యాగులో పుస్తకాల మధ్య పడుతుంది. దాని మీద కర్ణాటక లేబులే ఉంటుంది కాబట్టి ఇక్కడి రికార్డులో ఏమీ దొరకదు. అయితే ప్యాకెట్ ఊళ్లో కనపడిందంటే అది వేరే రాష్ట్రం సరుకని వెంటనే తెలిసిపోతుంది, కేసుకు అదే ఆధారం.

డ్రై డే రోజు తనిఖీ చేసి ఉపయోగం లేదని కూడా చెప్పాలి. వినాయక నిమజ్జనానికి, దేవరగట్టు బన్నికి (దసరా కర్రల సమరం) షాపులు మూస్తారు, సరే. సరుకు ముందురోజు సాయంత్రమే బెల్టులకు చేరిపోతుంది. తనిఖీ ఆ ముందురోజు నాలుగు నుంచి పది మధ్య జరగాలి, షాపు ముందు కాదు, షాపు నుంచి ఊరికొచ్చే దారి మీద. ఆటోలో అట్టపెట్టె కనపడితే చాలు.

రాత్రి డ్యూటీ
మీరంతా అమ్మేవాడి చుట్టూ తిరుగుతున్నారు. జరిమానా వల్ల ప్రాణాలే పోవచ్చు, అది చూడండి.

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం అంటే దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు. నలభై ఐదు కిలోల పిల్లోడు పందెం కట్టి అరగంటలో తాగేస్తే రక్తంలో వంద మిల్లీలీటర్లకు 200 మిల్లీగ్రాముల దరిదాపుకు పోతుంది. బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 30. పిల్లల్లో ఇంకో ప్రమాదం, రక్తంలో చక్కెర పడిపోతుంది. పొద్దుణ్నుంచీ తినకపోతే మరీ. నిద్రపోతున్నాడనుకుంటారు, నిజానికి స్పృహ తప్పి ఉంటాడు.

అప్పుడు పక్కనున్న ముగ్గురు స్నేహితులు ఏం చెయ్యాలి? వాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, వెల్లకిలా వద్దు. ఉప్పునీళ్లు, మజ్జిగ, నిమ్మరసం ఏదీ నోట్లో పొయ్యకూడదు. వాంతి చేయించకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చన్నీళ్లు కుమ్మరించకూడదు, ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. 108కి కొట్టి, పిలిస్తే పలుకుతున్నాడా లేదా, ఊపిరి ఎట్లా ఉంది చెప్పాలి. ఇప్పుడు చెప్పండి, ఇంటికి వెయ్యి జరిమానా, పేరు బోర్డు మీద అంటే ఆ ముగ్గురూ 108కి ఫోన్ చేస్తారా? కళ్లంలో పండబెట్టి పోతారు.

హంద్రీ ఒడ్డు
సరే అక్కా, 108కి ఫోన్ చేసినోళ్లకు జరిమానా లేదని రాస్తే పోతుంది కదా.

రాత్రి డ్యూటీ
ఆ మినహాయింపు రాత్రి పదకొండుకు పదిహేనేళ్ల పిల్లోడికి గుర్తుకు రాదు. గుర్తుకొచ్చేది బోర్డు.

పలకా బలపం
బడి వైపు నుంచి కొంచెం. తాగి దొరికిన పిల్లోడికి టీసీ ఇవ్వడం చాలా చోట్ల మొదటి పని. బడి పోగానే వాడి పగలంతా ఖాళీ. పత్తి ఏరేకి పోతే చేతిలో కూలి డబ్బు. అంటే మందుకు అడ్డం పడే బడిని తీసేసి, మందుకు కావాల్సిన డబ్బు చేతిలో పెట్టినట్టు. టీసీ ఆపడమే కమిటీ చెయ్యగల పెద్ద పని.

మహిళా పోలీసు వాడి ఇంటికి పోవాలి, ఒంటరిగా, యూనిఫాం లేకుండా. ఇంట్లో నాయన తాగుతాడా, వాడి చేతే తెప్పిస్తాడా కనుక్కోవాలి. వారానికి మూడు రోజులు రాకపోతే హెడ్మాస్టరు ఆశాకు చెప్పాలి. అలవాటు ముదిరి ఉంటే కర్నూలు గానీ, అనంతపురం, కడప గానీ పెద్దాసుపత్రి సైకియాట్రీకి. ఊరు కదల్లేని ఇంటికి 14416 (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఫోను. ఇంట్లో భద్రత లేదనిపిస్తే 1098 (పిల్లల హెల్ప్‌లైన్), అక్కణ్నుంచి బాలల సంక్షేమ సమితి. మెగా పేరెంట్ టీచర్ మీటింగు రోజు ఉపన్యాసం పెట్టొద్దు దయచేసి. "పిల్లల చేత మందు తెప్పించడం ఏడేళ్ల కేసు" అని ఒక్క వాక్యం చదివి వదిలెయ్యండి. అది చాలామంది నాయనలు ఎన్నడూ విని ఉండరు.

కౌంటర్ వెనక
వయసు చూసేకి ఒక పద్ధతి ఉంది. బ్రిటన్‌లో 25 కంటే చిన్నగా కనిపిస్తే కార్డు అడుగుతారు, వయసు నిండిందా లేదా అని సేల్స్‌మన్ లెక్క వెయ్యక్కర్లేదు. అది ఇక్కడ బోర్డు కట్టినంత మాత్రాన రాదు. ఎవరో పరీక్షించాలి.

పంచనామా
పరీక్షకు మైనర్ని పంపకండి, 78 మీకే తగులుతుంది. 21 దాటి, మీసం సరిగా రాని కుర్రాణ్ని పంపండి. క్వార్టర్ అడగాలి. కార్డు అడిగారా లేదా అన్నదే చూడాలి, కొనక్కర్లేదు. తేదీ, టైము, షాపు పేరు రాసుకోవాలి. ఒకే షాపులో వేర్వేరు రోజుల్లో మూడుసార్లు అడక్కపోతే ఎక్సైజ్ సూపరింటెండెంటుకు కాగితం. అదే కాగితం సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వాలి, నంబరు పడుతుంది. నంబరు లేని అర్జీ మాయమవుతుంది.

కేసీ కాలువ
అయితే మారుస్తున్నా. ఇంటికి జరిమానా, బోర్డు, వాట్సాప్ తీసేశాం. అమ్మేవాడి జరిమానా బదులు బైండోవర్. పండగ ముందురోజు దారి తనిఖీ. సీసా ముట్టుకోకుండా ఫొటో. టీసీ ఆపడం హెడ్మాస్టరు బాధ్యత. నెలకొకసారి కమిటీ రిజిస్టర్ ఎక్సైజ్ ఎస్సై సంతకానికి.

హంద్రీ ఒడ్డు
జరిమానా తియ్యడం నాకు ఇష్టం లేదు, రాసిపెట్టుకోండి. దానికంటే పెద్ద తిరకాసు ఇంకోటి ఉంది. బెల్టు షాపు హక్కు వేలం పాడి, ఆ డబ్బు గుడికి పెట్టే ఊళ్లు లేవా? ఆ వేలం నడిపే పెద్దే మీ తొమ్మిది మందిలో ఊరి పెద్ద. తనిఖీ ముందురోజని వాడికి తెలిస్తే సరుకు రెండు దినాల ముందే దిగుతుంది.

కేసీ కాలువ
ఊరి పెద్ద బదులు పొదుపు సంఘం నుంచి ఐదో మనిషిని పెడదాం.

హంద్రీ ఒడ్డు
సర్పంచి?

కేసీ కాలువ
సర్పంచి లేకుండా గ్రామసభ తీర్మానం కాదు.

పంచనామా
తీర్మానానికి సర్పంచి కావాలి, కమిటీకి అక్కర్లేదు. తీర్మానంలో కమిటీ పేర్లు, రిజిస్టర్ ఎవరి దగ్గరుంటుంది, ఈ రెండే రాయించండి. తనిఖీ తేదీ ఆశాకు, మహిళా పోలీసుకు, ఎస్సైకి తప్ప తెలియకూడదు. రిజిస్టర్ సచివాలయంలో వద్దు, ఎవడైనా తిరగేస్తాడు. పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య బీరువాలో పెట్టండి. పిల్లల పేర్లు అందులోనూ వద్దు, క్లాసు, నెల చాలు.

హంద్రీ ఒడ్డు
బీరువా తాళం ఎవరి దగ్గర?

పంచనామా
సమాఖ్య కోశాధికారి దగ్గర. ఆమె మొగుడు బెల్టు నడపకుంటే.