సొంతంగా పేజీ చేయబోతే ఎబ్బెట్టుగా వస్తోంది. వెబ్ డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నమస్తే అండీ. డిగ్రీ చివరి ఏడు చదువుతున్నా. పేజీలో విషయం పెట్టే హెచ్‌టీఎంఎల్, దాని రూపం దిద్దే సీఎస్‌ఎస్ వీడియోలు చూసి నేర్చుకున్నా. వీడియో చూస్తూ చేస్తే వస్తోంది, సొంతంగా కూర్చుంటే ఏమీ తోచట్లేదు. మా మావయ్య టిఫిన్ సెంటర్‌కి తెలుగులో ఒక పేజీ చేద్దామని ఉంది. ముందు బూట్‌స్ట్రాప్ (రెడీమేడ్ సీఎస్‌ఎస్ కోడ్) నేర్చుకోవాలా, ఫిగ్మానా (డిజైన్ గీసే టూల్)?

జవాబు: తమ్ముడూ, ఇప్పటికి ఆ రెండూ పక్కన పెట్టు. ముందు మావయ్యని అడిగి ఏం దొరుకుతాయో, ధరలు, వేళలు, ఫోన్ నంబరు, దారి అన్నీ రాసుకో. ఫోన్‌లో పేజీ తెరిచినవాళ్లకి వీటిలో మొదట ఏది కావాలి? ఆ వరస తేల్చడమే డిజైన్‌లో పెద్ద పని. రంగులేవీ లేకుండా ఉత్త హెచ్‌టీఎంఎల్‌లో ఆ వరసలో పెట్టి చూడు.

తర్వాత అక్షరాలు. పాఠాలన్నీ ఇంగ్లీషు లిపిని దృష్టిలో పెట్టుకుని చెప్తారు. మనకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. లైన్-హైట్ (వరస ఎత్తు, అక్షరం సైజుకి ఎన్ని రెట్లో) 1.2 పెడితే ఇడ్లీ కింది వత్తు దిగువ వరసకి తగిలేలా ఉంటుంది. 1.7తో మొదలుపెట్టి కంటికి నచ్చేదాకా సర్దు. మామూలు పాఠానికి నోటో సాన్స్ తెలుగు, హోటల్ పేరుకి మాత్రం రామభద్ర లాంటి లావు ఫాంట్ వాడు. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఇటాలిక్ వద్దు. తెలుగు ఫాంట్లలో ఆ రూపం సాధారణంగా ఉండదు, బ్రౌజరే అక్షరాన్ని పక్కకి వంచేస్తుంది, చూడబుద్ధి కాదు.

రంగు ఒక్కటి చాలు. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్ అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన ప్రమాణం, చెప్తుంది. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో (పేజీ కోడ్ చూపే, బ్రౌజర్‌లోనే ఉండే పనిముట్లు) అక్షరం రంగు గడి నొక్కితే ఆ లెక్క కనిపిస్తుంది.

ప్రశ్న: థాంక్స్ అక్కా. ఫోన్‌లో బాగానే ఉంది, ల్యాప్‌టాప్‌లో వరసలు ఈ చివర నుంచి ఆ చివరకి సాగిపోతున్నాయి.

జవాబు: మాక్స్-విడ్త్ (గరిష్ఠ వెడల్పు) 38ఈఎమ్ (అక్షరం సైజుకి 38 రెట్లు) దగ్గర పెట్టి, అటూ ఇటూ మార్జిన్ ఆటో ఇవ్వు. వ్యూపోర్ట్ మెటా ట్యాగు (పేజీని ఫోన్ వెడల్పుకి సర్దమని బ్రౌజర్‌కి చెప్పే వరస) ఉందో లేదో కూడా చూసుకో.

మరొకరు: అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా. నచ్చిన సైటు ఒకటి తీసుకుని, కోడ్ చూడకుండా అలాగే కట్టడానికి ప్రయత్నించు. ఆ తర్వాత ఇన్‌స్పెక్ట్ (అక్క చెప్పిన డెవ్‌టూల్సే) తెరిచి వాళ్ల మార్జిన్లు, సైజులు నీవాటితో పోల్చు. నాకు ఖాళీ స్థలం విలువ అలాగే తెలిసింది. ఏ సీఎస్‌ఎస్ ప్రాపర్టీ అర్థం కాకపోయినా ఎండీఎన్ (వెబ్ కోడ్ వివరాలన్నీ ఉండే సైటు) చూడు, ఉచితమే.

జవాబు: అవును, మంచి సాధన. పేజీ అయ్యాక లింకు పెట్టు తమ్ముడూ, ధరల పట్టిక చిన్న ఫోన్‌లో ఎలా వస్తోందో చూసి చెప్తా.