మా అమ్మాయి ఫ్రెండ్స్‌తో వీకెండ్‌కి ప్రాగ్ వెళ్తానంటోంది, నేను ఏం అడగాలి?

ఆమదాలవలస టీచర్:

అందరికీ నమస్కారం. నేను ఆమదాలవలస దగ్గర ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మా అమ్మాయి పోయిన ఏడాది జర్మనీ వెళ్లింది, డ్రెస్డెన్‌లో ఎంఎస్ చదువుతోంది. నిన్న రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, వచ్చే శనివారం మేం నలుగురం ప్రాగ్ వెళ్దామనుకుంటున్నాం, వెళ్లనా?" అని అడిగింది. నలుగురంటే తను, విజయనగరం పిల్ల ఒకతి, క్లాసులో చదివే ఇద్దరు మగపిల్లలు. శనివారం పొద్దున్నే రైలెక్కి, రాత్రి అక్కడ హాస్టల్లో ఉండి, ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చేస్తారట.

"నాన్నతో మాట్లాడి చెప్తాలే" అని ఫోన్ పెట్టేశాను. ఇక నిద్ర పట్టలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్‌లో ఈ పిల్లే మాకు చెప్పకుండా బెర్లిన్ వెళ్లొచ్చింది. జూన్‌లో వాళ్ల రూమ్మేట్ పెట్టిన ఫోటో మా ఆడపడుచు చూసి, "ఏటి వదినా, పిల్ల బెర్లిన్ వెళ్లిందట, చెప్పనేలేదు" అంది. వెళ్లినందుకు కాదు, ఆ కబురు ఇంకొకరి నోట వినాల్సి వచ్చినందుకు బాధేసింది. ఆ రోజు ఫోన్లో పిల్లని చాలా మాటలన్నాను. ఆ తర్వాత రెండు వారాలు ఫోన్ చేస్తే "ఊఁ", "ఆఁ" తప్ప మాట్లాడలేదు. అలాంటిది ఈసారి తనే అడిగింది. ఇప్పుడు వద్దంటే ఇంకెప్పుడూ అడగదు. వెళ్లమనాలంటే నాకు సగం సంగతులు తెలియవు. మనం తీసుకున్నది జర్మనీ వీసా కదా, వేరే దేశంలోకి ఎలా వెళ్తారు? అక్కడ యూరోలు చెల్లవంటున్నారు. హాస్టల్ అంటే మన వర్కింగ్ విమెన్స్ హాస్టల్ లాంటిదా, లేక ఎవరు పడితే వాళ్లు ఉంటారా?

ఆ మగపిల్లల గురించి మా వారు ఏమీ అనలేదు. పేపర్ మడిచి లోపలికి వెళ్లిపోయారు.

నేను ఒంటరిగా చేసిన పెద్ద ప్రయాణం శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో ఎక్కి విజయవాడలో దిగడమే. అందుకే అడుగుతున్నాను. పిల్లని ఏం అడగాలి, ఏం అడక్కుండా ఉండాలి? ఆ శనివారం నాగుల చవితి కూడా. ప్రతి ఏడూ పుట్ట దగ్గరికి నాతో వచ్చేది.

పలాస కుర్రాడు:

టీచర్ గారూ, నమస్తే. మాది పలాస. డ్రెస్డెన్‌లోనే చదివాను, ఇప్పుడు లైప్‌జిగ్‌లో ఉద్యోగం. ప్రాగ్ ఐదారుసార్లు వెళ్లాను.

ముందు వీసా టెన్షన్ వదిలేయండి. ప్రాగ్ ఉన్న చెక్ దేశం 2007 డిసెంబరు నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ (అక్కడ ఉండడానికి ఇచ్చే కార్డు) ఉన్నవాళ్లు మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా తిరగొచ్చు. వేరే వీసా అక్కర్లేదు. అయితే పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ ఒరిజినల్స్ చేతిలో ఉండాలి. ఫోన్లో ఫోటో చూపిస్తే కుదరదు. 2023 అక్టోబరు నుంచి చెక్ సరిహద్దులో జర్మనీ పోలీసులు మళ్లీ తనిఖీ చేస్తున్నారు. తిరుగు ప్రయాణంలో రైల్లోకి ఎక్కి కార్డులు అడుగుతారు. మీ అమ్మాయి ఫోన్ చేసి "పోలీసులు వచ్చారు" అంటే కంగారు పడకండి, అది రోజూ ఉండేదే. ఒకవేళ కార్డు రెన్యూవల్‌కి ఇచ్చి చేతిలో కాగితం ఒక్కటే ఉంటే మాత్రం, టికెట్ కొనకముందే వాళ్ల ఫారినర్స్ ఆఫీసులో అడగమనండి.

డ్రెస్డెన్ నుంచి ప్రాగ్‌కి నేరుగా రైలుంది, దాదాపు రెండున్నర గంటలు. మనం శ్రీకాకుళం రోడ్ నుంచి విశాఖ దాటి కొంచెం ముందుకు వెళ్లినంత. జర్మనీ అంతా తిరగడానికి నెలవారీ పాసు, డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది కదా అని ఈ రైలెక్కేస్తే కుదరదు. అది లోకల్, రీజనల్ రైళ్లకే. టికెట్ ముందుగా కొంటే చాలా తక్కువకి వస్తుంది, చివరి రోజు కొంటే బాదేస్తారు. వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోమనండి. డ్రెస్డెన్ దాటాక చాలాసేపు ఎల్బే నది పక్కనే వెళ్తుంది రైలు, ఒడ్డున నిలువుగా రాతి కొండలు. ప్రాగ్‌లో ఉండే వల్టావా నది మెల్నిక్ అనే ఊరి దగ్గర ఇదే ఎల్బేలో కలుస్తుంది. అంటే ప్రాగ్ వంతెన కింద పారిన నీళ్లే తర్వాత మీ అమ్మాయి ఉండే ఊరి మీదుగా పోతాయి. మొదటిసారి ఈ సంగతి తెలిసినప్పుడు నాకు నాగావళి గుర్తొచ్చింది.

డబ్బు సంగతి. అక్కడ కొరునాలు. ఒక యూరోకి 24, 25 దాకా వస్తాయి. ఒక కొరునా అంటే మన నాలుగు రూపాయలు అనుకోండి. చాలాచోట్ల కార్డు నడుస్తుంది, కొంచెం నగదు చాలు. టూరిస్టులు తిరిగే వీధుల్లో డబ్బు మార్చే కొట్లలో జాగ్రత్త. "జీరో కమిషన్" అని బోర్డు పెట్టి యూరోకి చాలా తక్కువ ఇస్తారు. నేను ఒకసారి అలాగే 50 యూరోలు మార్చి మోసపోయాను. ఇప్పుడైతే చట్టం ఉంది, మూడు గంటల్లోపు రసీదు తీసుకెళ్తే డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఆ రసీదు పారేయొద్దని చెప్పండి.

బొబ్బిలి నాన్న:

టీచర్ గారూ, మీరు అడిగిన చివరి ప్రశ్నకే నేను జవాబు చెప్తాను.

మా వాడు నెదర్లాండ్స్‌లో మూడేళ్లు ఉన్నాడు. మొదటిసారి ఫ్రెండ్స్‌తో పారిస్ వెళ్లినప్పుడు గంటకోసారి మెసేజ్ పెట్టాను. ఎక్కడున్నావ్, తిన్నావా, ఎవరితో ఉన్నావ్, ఫోటో పెట్టు. వాడు పెట్టాడు పాపం, ప్రతిదానికీ. తర్వాత నాలుగు ట్రిప్పులు మాకు చెప్పకుండానే వెళ్లొచ్చాడు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు తెలిసింది నాకు.

మూడు సంగతులు అడగండి, అవి కూడా మెసేజ్‌లో రాసి పంపమనండి. రైలు టైములు, హాస్టల్ అడ్రసు, వాళ్లలో ఒకరి ఫోన్ నంబరు. ఆ నంబరు మీ దగ్గర ఉండాలి కానీ మీరు దానికి ఫోన్ చేయకూడదు. పిల్ల ఫోన్ రెండు మూడు గంటలు కలవకపోతే తప్ప ముట్టుకోవద్దు. ఫోన్ ఎప్పుడు చేస్తుందో టైము తననే చెప్పమనండి.

మగపిల్లల సంగతి తనే దాచకుండా చెప్పింది. ఇక దాన్ని రెండోసారి ఎత్తకండి.

గంటస్తంభం:

అమ్మా, నేను విజయనగరం ఆడపిల్లని. ప్రాగ్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసి, ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాను.

బొబ్బిలి బాబాయి గారి మాటలన్నీ బాగున్నాయి, ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. గది గురించి అడగండి. అనుమానంతో కాదు, అవసరం కాబట్టి. అక్కడి హాస్టళ్లలో చాలా డార్మిటరీలు ఆడా మగా కలిసి ఉండేవే, ముక్కూ మొహం తెలియని ఎనిమిది మంది ఒకే గదిలో పడుకుంటారు. బుక్ చేసేటప్పుడు ఆడవాళ్ల డార్మ్ అని విడిగా ఉందో లేదో చూడమనండి, మా విజయనగరం పిల్లా తనూ అందులో ఉండొచ్చు. బ్యాగు పెట్టుకునే లాకరుకి తాళం తీసుకెళ్లాలి. "గది ఎలా బుక్ చేశారమ్మా?" అని మామూలుగా అడిగితే ఏ పిల్లా నొచ్చుకోదు. అడగకుండా మనసులో పెట్టుకుంటేనే అది ఎప్పుడో ఇంకో మాటగా బయటికొస్తుంది.

నాకు జరిగింది చెప్తాను. వెళ్లిన మూడో నెలలో ట్రామ్‌లో నా ఫోన్ పోయింది. కోట వైపు వెళ్లే 22వ నంబరు ట్రామ్, కిటకిటలాడుతోంది, కోటు జేబులో పెట్టుకున్నాను. దిగాక చూసుకుంటే లేదు. పోలీసు స్టేషన్‌కి వెళ్లి కాగితం తీసుకున్నాను, పాత ఫోన్ కొనుక్కున్నాను. మా అమ్మకి చెప్పడానికి మాత్రం ఐదు నెలలు పట్టింది. చెబితే "అందుకే వద్దన్నాను" అంటుందని. ఆ ఐదు నెలలూ నేను ఒక్కదాన్నే మోశాను. అందుకని మీ అమ్మాయికి ముందే ఒక మాట చెప్పండమ్మా. ఏది పోయినా, ఏం జరిగినా మొదటి ఫోన్ నీకే చేస్తాను, నువ్వు తిట్టకూడదు అని తను అనుకునేలా. ఎమర్జెన్సీ నంబరు 112, యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటికీ అదే. జర్మనీ ఇన్సూరెన్స్ కార్డు కూడా పట్టుకెళ్లమనండి. ప్రభుత్వ బీమా అయితే కార్డు వెనకవైపు యూరప్ హెల్త్ కార్డు ఉంటుంది, చెక్ దేశంలో పనికొస్తుంది.

ట్రామ్ కాగితం టికెట్ కొంటే పసుపు పెట్టెలో ముద్ర వేయించుకోవాలి. కొన్నాం కదా అని జేబులో పెట్టుకుంటే జరిమానా.

ఇక చూడాల్సినవి. చార్లెస్ వంతెన 1357లో మొదలుపెట్టి కట్టారు, అర కిలోమీటరు పొడవు, రెండు వైపులా 30 విగ్రహాలు. పగలు నిలబడే చోటుండదు. ఆదివారం ఏడింటికి ముందే వెళ్లమనండి, నది మీద మంచు ఉంటుంది, మనుషులుండరు. పాత ఊరి చౌకులో 1410 నాటి గడియారం ఉంది, గంట గంటకీ కిటికీలు తెరుచుకుని అపొస్తలుల (ఏసు శిష్యుల) బొమ్మలు వరసగా వస్తాయి. దాన్ని చూసినప్పుడల్లా మా గంటస్తంభం దగ్గర నాన్న సైకిల్ మీద కూర్చున్న రోజులు గుర్తొచ్చేవి. అందుకే ఈ పేరు పెట్టుకున్నాను.

ఆమదాలవలస టీచర్:

అందరికీ వందనాలు. పిల్ల వెళ్లొచ్చింది. ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మూడు సంగతులూ అడిగాను. పది నిమిషాల్లో పంపింది. నేను అడగని ఇంకోటి కూడా పంపింది, ఆ ముగ్గురు పిల్లల ఫోటో, ఎవరెవరో పేర్లు రాసి. మా వారికి చూపించాను. చాలాసేపు చూసి, "ఈ అబ్బాయికి స్వెట్టర్ లేదేమో, చలి కదా" అన్నారు. గది సంగతి అడిగితే ఆడవాళ్ల డార్మ్ ముందే తీసుకున్నారట. ఏదైనా పోతే తిట్టనని కూడా చెప్పాను. "నిజంగానా?" అంది. ఆ మాట విని ఇటు నాకు కళ్లు తడిశాయి.

శనివారం నేను ఒక్కదాన్నే పుట్టకి వెళ్లి పాలు పోసి, చిమ్మిలి పెట్టొచ్చాను.

ఆదివారం సాయంత్రం అక్కడ ఆరింటికి డ్రెస్డెన్‌లో దిగగానే ఫోన్ చేస్తానంది. మనకి తొమ్మిదిన్నర. తొమ్మిదిన్నర అయింది, పది అయింది, ఫోన్ లేదు. తన ఫోన్‌కి చేస్తే సిగ్నల్ లేదు. విజయనగరం పిల్ల నంబరు తెరిచి పెట్టుకున్నాను, బొబ్బిలి వారి మాట గుర్తొచ్చి నొక్కలేదు. మా వారు వరండాలో తిరుగుతూనే ఉన్నారు. పదిన్నరకి మోగింది. "అమ్మా, చెప్పిన టైముకే చేశాను కదా" అంటుంది! అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి పెడతారట. తేడా మూడున్నర గంటలది నాలుగున్నర అయింది. ఆ సంగతి పిల్లకీ తట్టలేదు, మాకూ తెలియదు. విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు అక్టోబరు, మార్చి చివరి ఆదివారాలు గుర్తుపెట్టుకోండి. ఆ ఒక్క గంట నాకు ఎంత పొడుగ్గా గడిచిందో చెప్పలేను.

తర్వాత గంటసేపు మాట్లాడింది. రైల్లో పోలీసులొచ్చి కార్డులు చూశారట. నేను పంపిన పలాస జీడిపప్పు వంతెన మీద నలుగురూ కలిసి తిన్నారట. పొద్దున్న మంచులో నది అవతలి ఒడ్డు కనపడలేదట. "పుట్టకి వెళ్లావా అమ్మా, ఎవరొచ్చారు నీతో?" అని తనే అడిగింది.

డిసెంబరులో క్రిస్మస్ బజార్లు చూడ్డానికి వియన్నా వెళ్దామనుకుంటున్నారట. తేదీలు అప్పుడే పంపేసింది. అక్కడి చలికి ఎలాంటి బూట్లు కావాలో ఎవరైనా చెప్పండి, ఇక్కడి నుంచి వస్తున్న వాళ్లతో పంపాలా, అక్కడే కొనుక్కోమనాలా?