సమస్యాపూరణం: పన్ను తగ్గించె నేత, నా బరువు పెరిగె

నిర్వహణ:
ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఇది చివరి పాదంగా వచ్చేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి.

పన్ను తగ్గించె నేత, నా బరువు పెరిగె

ఎన్నికల్లో నిలబడిన అభ్యర్థి తన పాలన గురించి గట్టిగా చెప్పుకునే మాట ఒకటుంది: పన్నులు తగ్గించాను, ఇంటికీ తగ్గించాను, వ్యాపారానికీ తగ్గించాను. ఆ మాట అబద్ధం కానక్కర్లేదు. నిజమే అయినా నా నెత్తిన బరువు ఎందుకు పెరిగింది? ఆ ముడి విప్పండి. తిట్లు వద్దు, పార్టీల పేర్లు వద్దు. పాదానికి వరుసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు (గణమంటే గురు లఘువుల కూర్పు). నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి పొత్తు కుదరాలి. దాని బదులు ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) అయినా చెల్లుతుంది.

పాతకలం:
వచ్చు జీతాన కొంచెము వదలిపెట్టి
కొనెడి వస్తువులన్నింట కోత పెట్టె
లెక్క కట్టగ నెలతుది లేమి మిగిలె
పన్ను తగ్గించె నేత, నా బరువు పెరిగె

నిర్వహణ:
పాతకలంగారూ, ఛందస్సుకు వంక లేదు. మూడో పాదం చాలా బాగుంది. లేమి మిగలడం అన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. రెండో పాదంలో మాత్రం చిక్కుంది. పన్నుల సంగతిలో ‘కోత’ అనగానే పన్ను తగ్గించడమనే అర్థం తోస్తుంది. మీరు చెప్పదలచుకున్నది దానికి సరిగ్గా ఎదురు. పైగా మొదటి పాదం చివర ‘పెట్టి’, రెండో దాని చివర ‘పెట్టె’. ‘కొసరి వేసె’ అంటే ఎలా ఉంటుంది? యతి చెడదు, వద్దన్నా వడ్డించిన ధ్వని వస్తుంది.

పాతకలం:
‘కొనెడి వస్తువులన్నింట కొసరి వేసె’. తీసుకున్నానండీ, ఇదే ఉండనివ్వండి.

పద్దుపుస్తకం:
పాతకలంగారు చెప్పింది ఊహ కాదు, జరిగింది. అందుకే నా పూరణకు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రాన్ని ఎంచుకున్నాను.

నాడు కాన్సాసు రాష్ట్రాన నమ్మబలికి
వర్తకుల లెక్క సున్నగా వ్రాసి పెట్టి
తినెడి తిండికి సుంకము తెచ్చిపెట్టె
పన్ను తగ్గించె నేత, నా బరువు పెరిగె

2012లో గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ సంతకం చేసిన చట్టం ఆదాయపు పన్నులో పై రేటును 6.45 శాతం నుంచి 4.9 శాతానికి దించింది. యజమాని సొంత ఆదాయంగా చూపించుకునే వ్యాపార లాభం మీద రాష్ట్రపు పన్ను పూర్తిగా ఎత్తేసింది. ఆ రికార్డు చూపించే ఆయన 2014లో మళ్లీ గెలిచారు. ఖజానాకు గండి పడింది. 2015లో అమ్మకపు పన్నును 6.15 నుంచి 6.5 శాతానికి పెంచారు, ఇంట్లోకి కొనే తిండి సరుకులకూ అదే రేటు. చివరికి 2017లో శాసనసభే ఆయన వీటోను తోసిపుచ్చి ఆ తగ్గింపుల్లో చాలావాటిని వెనక్కి తీసుకుంది.

గురులఘువు:
అక్కగారూ, మీరు రాసిన వివరమే మీ మూడో పాదాన్ని తప్పుబడుతోంది. తిండి మీద సుంకం కొత్తగా తెచ్చినది కాదు. ముందే ఉంది, దాన్ని పెంచారు. ‘తెచ్చిపెట్టె’ అంటే ఆయన చేయని పని ఆయన ఖాతాలో వేసినట్టవుతుంది. మనకు నచ్చని నాయకుడైనా లెక్క లెక్కే కదండీ.

పద్దుపుస్తకం:
నిజమే తమ్ముడూ. పద్యం వేడిలో జారిపోయాను. ఇలా మారుస్తున్నాను:

తినెడి తిండిపై సుంకము దిద్ది పెంచె

త, ద ఒకే వర్గం కాబట్టి యతి చెల్లుతుంది.

నిర్వహణ:
చెల్లుతుంది. ఇప్పుడు పద్యమూ నిలిచింది, విషయమూ నిలిచింది. ‘సున్నగా వ్రాసి’ అన్న మాట ఆ చట్టానికి అచ్చంగా సరిపోయింది.

కార్ఖానా:
అందరూ బరువంటే బాధే అనుకుంటున్నారు. నలుగురికి పని ఇచ్చేవాడిగా నా మనసులో ఉన్నది వేరే.

మిగులు సొమ్ముతో కార్ఖాన మెరుగుపరచి
కొలువులో చేర్చుకొంటిని కొత్తవారి
వారి బిడ్డల చదువుల బాధ్యతనిడి
పన్ను తగ్గించె నేత, నా బరువు పెరిగె

నిర్వహణ:
సమస్యలోని ‘బరువు’ను బాధ్యతగా తిప్పడం ఈ వారానికే మంచి విరుపు. వా, బా అభేదయతి (వ, బ ఒకటిగా చెల్లడం), సరిపోయింది. ‘మిగులు సొమ్ము’ ఎక్కడిదో చివరి పాదం దాకా తెలియదు. అది దోషం కాదు, సమస్యాపూరణానికి కావలసిన బిగువే అది.

పద్దుపుస్తకం:
కార్ఖానాగారూ, పద్యం నాకూ నచ్చింది. మీరు చేసిన పని ప్రతి యజమానీ చేస్తాడని మాత్రం అనుకోలేను. అమెరికాలో 2017 చట్టం కంపెనీల పన్నును 35 శాతం నుంచి 21 శాతానికి తగ్గించింది. 2018లో పెద్ద కంపెనీలు తమ షేర్లను తామే తిరిగి కొనుక్కోవడం రికార్డు స్థాయికి చేరింది. మిగిలిన సొమ్మంతా కొత్త కొలువుల్లోకి వెళ్లలేదు. అభ్యర్థి ‘వ్యాపారాలకు తగ్గించాను’ అన్నప్పుడు, ఆ డబ్బు తర్వాత ఎటు పోయిందని అడగాలి.

కార్ఖానా:
తప్పకుండా అడగాలండీ. నేను నా ఒక్కడి సంగతే రాశాను. కానీ చేతిలో నాలుగు డబ్బులు లేని యజమాని కొత్తవాణ్ని ఎలా పిలుస్తాడు? ఆ మాట కూడా లెక్కలో రాయండి.

గురులఘువు:
ఆ 2017 చట్టం మీదే నా పూరణ.

సంస్థ కిచ్చిన తగ్గింపు శాశ్వతమట
ఇంటి కిచ్చిన దానికే యెనిమిదేండ్లు
గడువు వచ్చును, తగ్గింపు కరగిపోవు
పన్ను తగ్గించె నేత, నా బరువు పెరిగె

కంపెనీల రేటుకు గడువు లేదు. కుటుంబాలకు ఇచ్చినవి మాత్రం చాలావరకు 2018 నుంచి 2025 చివరిదాకానే. పిల్లల పేరిట ఇచ్చే రాయితీని 1,000 డాలర్ల నుంచి 2,000కు పెంచారు, అదీ ఆ గడువులోపే. కట్టాల్సిన పన్నే అంతగా లేని చిన్న ఆదాయపు ఇంటికి మాత్రం ఒక్కో బిడ్డకు చేతికందేది మొదట్లో 1,400 దాటలేదు.

పద్దుపుస్తకం:
తమ్ముడూ, ఇందాక నన్ను పట్టుకున్నావు, ఇప్పుడు నా వంతు. 2025 జూలైలో మరో చట్టం చేసి ఆ తగ్గింపుల్లో చాలావాటిని శాశ్వతం చేశారు. ‘కరగిపోవు’ అన్నది 2017లో రాసి ఉంటే నిజం. ఇవాళ రాస్తే కాదు.

గురులఘువు:
ఒప్పుకుంటున్నాను అక్కగారూ. ఆ ఎనిమిదేళ్లూ మోసిన టెన్షనే బరువని చెబుతాను:

గడువు తలచిన నాయెద కలత హెచ్చె

నిర్వహణ:
మొదటి దానికంటే ఇదే మేలు. ‘నాయెద’ వచ్చాక మాట్లాడేది ఎవరో తెలిసింది. గడువు చట్టంలోంచి ఇంట్లోకి వచ్చింది.

చిన్నకలం:
గురువుగారూ, పద్యం రాయడం నాకిది రెండోసారి. తప్పులుంటే చెప్పండి.

నాన్న పన్నును తగ్గించి నవ్వె నేత
లోటు పూడ్చగ అప్పులు చాలా తెచ్చె
వడ్డి కట్టెడి వంతు నా వయసు కొచ్చె
పన్ను తగ్గించె నేత, నా బరువు పెరిగె

నిర్వహణ:
బాబూ, మూడో పాదం చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ‘వంతు నా వయసు కొచ్చె’: అప్పు చేసి పన్ను తగ్గిస్తే ఏమవుతుందో ఇంతకంటే దగ్గరగా ఎవరు చెప్పగలరు! బ్రిటన్‌లో 2022 సెప్టెంబరులో అప్పు మీద ఆధారపడిన పన్ను తగ్గింపులు ప్రకటించగానే పౌండు పడిపోయింది, ప్రభుత్వ బాండ్ల వడ్డీ ఎగబాకింది, ఇళ్ల రుణాల వడ్డీలు దాని వెంటే పెరిగాయి. ప్రధాని లిజ్ ట్రస్ అక్టోబరులోనే రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది. అక్కడ వంతు రావడానికి ఒక తరం కూడా పట్టలేదు.

ఇక రెండో పాదం. ‘లోటు’ సూర్యగణం, ‘పూడ్చగ’ భగణం (ఒక గురువు, రెండు లఘువులు; ఇంద్రగణాల్లో ఒకటి), ‘అప్పులు’ భగణం, ఇంతవరకు బాగుంది. ‘చాలా’ రెండు గురువులు, అది సూర్యగణం కాదు. లో, చా యతి కూడా కుదరదు. ‘లో’తో గానీ, ‘లు’తో గానీ మొదలయ్యే మాట వెతుకు. ‘అప్పులు’ వదిలేసినా ఫరవాలేదు.

చిన్నకలం:
‘లోను’ అని ఇంగ్లీషు మాట వాడొచ్చా అండీ? మా ఇంట్లో అప్పు అనరు, లోనే అంటారు.

పాతకలం:
వాడు నాయనా. ఇంట్లో అనే మాట పద్యంలోకి రాకూడదని ఎక్కడా లేదు.

చిన్నకలం:
నాన్న పన్నును తగ్గించి నవ్వె నేత
లోటు పూడ్చగ మరియొక లోను తెచ్చె
వడ్డి కట్టెడి వంతు నా వయసు కొచ్చె
పన్ను తగ్గించె నేత, నా బరువు పెరిగె