దానంగా వస్తున్న మండువా లోగిలి: దేనికి వాడితే నిలబడుతుంది?

గోదారిగట్టు:
కోనసీమలో ఒక ఊళ్ళో 110 ఏళ్ళ మండువా లోగిలిని వారసులు ఊరి సేవా సంఘానికి ఇస్తామంటున్నారు. పెంకు కప్పు, మండువా చుట్టూ 12 టేకు స్తంభాలు, వీధివైపు చెక్క దూలాల మీద రెండు గదుల మేడ. డీడు ఇంకా రాయలేదు. సంఘంలో మూడు మాటలు నడుస్తున్నాయి: వృద్ధాశ్రమం, లైబ్రరీ, లేదా పెళ్ళిళ్ళకీ షూటింగులకీ అద్దె. చేతిలో 9 లక్షలున్నాయి. ఇల్లు పాడవకుండా, సంఘం అప్పులపాలు కాకుండా ఏది కుదురుతుంది?

దస్తావేజు:
వాడకం సంగతి తర్వాత, ముందు సంతకాలు చూడండి. పిత్రార్జితమైతే కొడుకులు సంతకం పెడితే చాలనుకుంటారు, అక్కడే ఇలాంటి దానాలు కోర్టుకెక్కుతాయి. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకు వాటా ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ పెళ్ళైనవాళ్ళకూ ఇచ్చింది. కాబట్టి ఆడపడుచుల సంతకాలూ కావాలి. విదేశంలో ఉన్నవాళ్ళు అక్కడి మన కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు, అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి.

గిఫ్టు డీడు రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులుండాలి, దాత బతికుండగానే సంఘం స్వీకరించాలి. స్వీకరిస్తున్నట్టు తీర్మానం మినిట్స్‌లోకి ఎక్కించండి.

ఇక అసలైన వాక్యం. "వృద్ధాశ్రమానికి మాత్రమే" అని రాశారో, పదేళ్ళకి ఆశ్రమం మూతపడితే ఇల్లు తాళమేసి కూర్చుంటుంది. ప్రయోజనం మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టు గుమ్మం ఎక్కాలి. అందుకని ప్రయోజనం వెడల్పుగా రాయించండి: విద్య, వైద్యం, వృద్ధుల సంక్షేమం, ఇతర ప్రజాహిత పనులు. కట్టడం విషయం మాత్రం బిగించండి: మండువా మూయకూడదు, స్తంభాలు తీయకూడదు, వీధిముఖం మార్చకూడదు.

తాకట్టు పెట్టి రిపేర్లు చేయిద్దామనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే వదిలేయమనండి. ధర్మాదాయ సంస్థ స్థిరాస్తి అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా 1987 దేవాదాయ చట్టం 80వ సెక్షన్ ప్రకారం కమిషనర్ ముందస్తు అనుమతి కావాలి. ఇంకోటి, ఇల్లు ఇచ్చినందుకు దాతలకి ఆదాయపన్నులో విరాళాల మినహాయింపు (80జీ అనేది) రాదు, అది డబ్బు విరాళాలకే. ముందే చెప్పేయండి, రిటర్ను వేసే వేళకి మాటొస్తుంది.

గానుగసున్నం:
ఏ వాడకమన్నది ఇల్లే చెబుతుంది. పెద్ద వాన కురుస్తుండగా టార్చిలైటు పట్టుకుని లోపల ఒక గంట తిరగండి.

మొదట కారేది మండువా నాలుగు మూలల్లో, రెండు వాలులు కలిసే కోణవాసం దగ్గర. అక్కడ రేకు తుప్పు పట్టి ఉంటుంది. తర్వాత గోడలో దిగిన దూలాల కొనలు చూడాలి. దూలం మధ్యలో ఇనుములా ఉంటుంది, గోడలో దాగిన జానెడే కుళ్ళుతుంది. స్క్రూడ్రైవర్ గుచ్చండి. అర అంగుళం మెత్తగా దిగిందంటే వడ్రంగిని పిలవాల్సిందే.

గోడలకి కింద మూడడుగులు సిమెంటు పూత ఉందా? ఇటుకలో చెమ్మ బయటికి రాలేక పైకి పాకుతుంది, ఉప్పు పొంగుతుంది, చివరికి దూలం కొనకి చేరుతుంది. సిమెంటు చెక్కేసి ఒక ఎండాకాలం గోడని ఆరనిచ్చి, 1 పాలు సున్నానికి 3 పాళ్ళ ఇసుకతో పూయించండి. మేస్త్రీ "కొంచెం సిమెంటు కలుపుదామండీ" అంటాడు. వద్దనండి.

మేడ మీద లైబ్రరీ కుదరదు. కట్టడాల మీద బరువుల భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నేల మోయాల్సింది ఇంటి గదికి చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు, తరగతి గదికి 300, జనం చేరే హాలుకి 500, పుస్తకాల బీరువాల గదికి 600. బీరువాలు కిందే, అదీ గోడకి జానెడు ఎడంగా పెట్టాలి. లేకపోతే చెదలు ముందు, చదివేవాళ్ళు తర్వాత.

వృద్ధాశ్రమానికి చిక్కు గడపలూ అరుగులూ. వీల్‌చెయిర్‌కి ఒక అంగుళం ఎత్తుకి ఒక అడుగు పొడవు వాలు కావాలి. అరుగు 30 అంగుళాలుంటే 30 అడుగుల ర్యాంపు. పైగా గదిగదికీ బాత్రూం అంటారు, సున్నపు గోడల మధ్య నీళ్ళ పైపులు అంటారు. అది ఇంటికి ఉరితాడు.

గోదారిగట్టు:
మరి పెళ్ళిళ్ళు? రాబడి అక్కడే కదండీ.

జమాఖర్చు:
రాబడి ఉంది, దాంతోపాటు లెక్కా ఉంది. సంఘం ఆశయం ఆదాయపన్ను చట్టంలోని సాధారణ ప్రజోపయోగం కోవలోకి వస్తే, ఇలాంటి అద్దె వ్యాపారపు వసూళ్ళు ఏడాది మొత్తం వసూళ్ళలో 20 శాతం దాటితే పన్ను మినహాయింపు పోతుంది. పెళ్ళిళ్ళతో బతికే సంఘం రెండో ఏడాదే ఆ గీత దాటుతుంది. పైగా 50 మంది చేరే చోటంటే కట్టడాల నిబంధనల్లో అది వేరే కోవ: తలుపులు బయటికి తెరుచుకోవాలి, రెండో దారుండాలి. పాత తలుపులన్నీ లోపలికే.

షూటింగులు నయం, తక్కువ రోజుల్లో ఎక్కువ అద్దె. స్తంభాలకి మేకులు వద్దు, జనరేటరు వీధిలో, లైట్లు చెక్క కప్పుకి దూరంగా, వంట దొడ్లో. ముందూ వెనకా ఫొటోలు, ముందే డిపాజిట్.

ఇంటికి ఏటా పడే ఖర్చు ముందు కాగితం మీద పెట్టండి. మృగశిర కార్తెలోపు పెంకు సర్దించాలి (కోతులు ఉన్న ఊరైతే మళ్ళీ దసరాకి), చెదల మందు, కరెంటు, వాచ్‌మన్. ఏడాదికి 2 లక్షలనుకుంటే 7 శాతం వడ్డీకి 28.5 లక్షల మూలధనం. ధరల పెరుగుదలకి 4 శాతం పక్కన పెడితే 3 శాతమే చేతికి, అప్పుడు 66 లక్షలు దాటుతుంది. ఇంగ్లండ్‌లో నేషనల్ ట్రస్టు ఇంటితోపాటు నిధి కూడా ఇవ్వమని దాతల్ని అడిగేది అందుకే. ఇక్కడ అడగడానికి మొహమాటపడతాం. వారసుల్ని డీడుకి ముందే అడగండి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళ డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై ఇస్తే ఆ బాధ లేదు.

నా ఓటు: కింద రీడింగు రూం, సాయంత్రం పిల్లల చదువులు, పగలు పెద్దవాళ్ళు వచ్చి కూర్చుని వెళ్ళే చోటు. రాత్రి బస వద్దు. ఏడాదికి 15, 20 రోజులు షూటింగులు.

గానుగసున్నం:
ఆ మూలధనం పోగయ్యేదాకా చేతిలోని 9 లక్షలూ డిపాజిట్లో పెట్టాలని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. కోణవాసాలూ, దూలం కొనలూ ఈ ఏడాదే. కారే ఇంటికి వడ్డీ ఎందుకు?

గోదారిగట్టు:
మండువా తూము కొలిచాం. వీధిలో సీసీ రోడ్డు తూము కంటే 7 అంగుళాలు ఎత్తులో ఉంది.

గానుగసున్నం:
అనుకున్నదే. లోపలి వాలులు 120 చదరపు మీటర్లనుకోండి, గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 6,000 లీటర్లు మండువాలోకి దిగుతాయి. వీధికి పోవు, వెనక్కి తన్నుతాయి, స్తంభాల మొదళ్ళు నానతాయి. ఇంకుడు గుంత అంటారు, కోనసీమలో వానాకాలం నీళ్ళు పైకే ఉంటాయి, ఇంకవు. దొడ్డివైపు మురుగు బోదె ఉంటే అటు తిప్పండి: 6 అంగుళాల పైపు, 100 అడుగులకి 1 అడుగు వాలు, మలుపుల్లో చెత్త తీయడానికి గుంటలు, తూము నోటికి జాలీ. దూరం కొలిచి, బోదె అడుగు మట్టం ఎంత కిందుందో ఇక్కడ రాయండి.