బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ సంగతి ఏంటి? ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి

అందరికీ వందనాలు. మాది దేవరకొండ వైపు పల్లె. నల్లగొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాను. వచ్చే ఈస్టర్‌కి బాప్తిస్మం తీసుకోవాలని ఉంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడినైతే ఎస్సీ హోదా ఉండదు, మన దగ్గర బీసీ-సీలోకి (క్రైస్తవులుగా మారిన ఎస్సీల గ్రూప్) వెళ్తాను. అంటే ఎస్సీల 15 శాతం కోటా వదిలి బీసీ-సీకున్న 1 శాతంలో పోటీ. మా నాయిన టెన్షన్ అదే. "దేవుణ్ణి మొక్కు, ఎవరొద్దన్నరు? బాప్తిస్మం నీళ్లల్ల మునగకు" అంటున్నాడు.

చర్చిలో కొందరు అన్నలేమో "బాప్తిస్మం తీసుకో, కాగితాల్లో పాతదే ఉంచు, అందరూ చేసేదే" అంటున్నారు. నాకది మింగుడు పడటం లేదు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14లో యేసు అడిగాడు కదా, దొంగ లెక్క రాసుకొమ్మని కాదు. మార్కు 10లో యేసు కోసం ఇల్లు, అయినవాళ్లని వదులుకున్నవాళ్లకి నూరంతలు దొరుకుతుందని ఉంది, వెంటనే హింసలు కూడా అని ఉంది. (ప్రసంగాల్లో ఈ రెండో ముక్క ఎందుకో తక్కువ వినిపిస్తుంది.)

సర్టిఫికెట్ మార్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? తహసీల్దార్ ఆఫీసులో ఏమేం అడిగారు? నేను మారితే ఇంటర్ చదివే మా తమ్ముడి సర్టిఫికెట్‌కి ఇబ్బందా? ఇంకో మాట, ఆ నూరంతలు మీకు ఏ రూపంలో దొరికిందో ఉన్నదున్నట్టు రాయండి. మా అమ్మకి చదివి వినిపించాలి.