పీఎస్‌ఎస్-10 డేటాకు ఆల్ఫా 0.18 వస్తోంది, తప్పు ఎక్కడ?

ప్రశ్న (పీజీ సైకాలజీ):
డిసర్టేషన్ డేటా ఇది. హాస్టల్ విద్యార్థులు 81 మంది, డే స్కాలర్లు 61 మంది. ఒత్తిడి కొలిచే పది ప్రశ్నల పీఎస్‌ఎస్-10ను తెలుగులో గూగుల్ ఫారంగా ఇచ్చాం. ఆప్షన్లు: ఎప్పుడూ లేదు, చాలా అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా. ఎస్‌పీఎస్‌ఎస్ (గణాంకాల సాఫ్ట్‌వేర్)లో ఆటోమేటిక్ రీకోడ్ చేస్తే 1 నుంచి 5 దాకా అంకెలొచ్చాయి. కానీ క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే అంకె) 0.18. 7వ ప్రశ్న తీసేస్తే కొంచెం పెరుగుతోంది, తీసేయొచ్చా? నిద్ర గంటల కాలమ్ టీ-టెస్ట్ (రెండు గ్రూపుల సగటులు పోల్చేది) బాక్సులోకి పోవడం లేదు, అదెందుకు?

జవాబు (కొలమానం):
ప్రశ్నను తీసేయకండి. తప్పు ఆటోమేటిక్ రీకోడ్‌లో ఉంది. అది అర్థం చూడదు, అక్షర క్రమంలో అంకెలిస్తుంది. మీ ఆప్షన్లకు అప్పుడప్పుడు 1, ఎప్పుడూ లేదు 2, చాలా అరుదుగా 3, చాలా తరచుగా 4, తరచుగా 5 అయి ఉంటాయి. వాల్యూ లేబుల్స్ తెరిస్తే కనిపిస్తుంది. ఇలాంటి అంకెల మీద ఏ టెస్ట్ చేసినా ఫలితానికి అర్థం ఉండదు.

మళ్లీ గూగుల్ షీట్ నుంచి మొదలుపెట్టండి, అసలు షీట్‌కు కాపీ తీసుకుని. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ఎప్పుడూ లేదు 0, చాలా అరుదుగా 1, అప్పుడప్పుడు 2, తరచుగా 3, చాలా తరచుగా 4. సెల్ మొత్తం సరిపోలితేనే మార్చమనే ఆప్షన్ తప్పకుండా టిక్ చేయాలి. లేకపోతే "తరచుగా"ను మార్చేటప్పుడు "చాలా తరచుగా" కాస్తా "చాలా 3" అయిపోతుంది.

తర్వాత రివర్స్ కోడింగ్. పీఎస్‌ఎస్-10లో 4, 5, 7, 8 ప్రశ్నలు సానుకూలంగా ఉంటాయి (వాటిలో ఎక్కువ అంకె అంటే తక్కువ ఒత్తిడి) కాబట్టి వాటిని తిప్పాలి. కంప్యూట్ వేరియబుల్‌లో కొత్త పేరుతో, 4 నుంచి పాత విలువ తీసేయండి. పాత కాలమ్ మీదే రాస్తే, ఆ కమాండ్ రెండోసారి రన్ అయినప్పుడు అంకెలు మళ్లీ మొదటికొస్తాయి, మీకు తెలియను కూడా తెలియదు. ఓకే బదులు పేస్ట్ నొక్కి సింటాక్స్ దాచుకోండి. వైవాలో స్కోరు ఎలా వచ్చిందని అడిగితే చూపించడానికి అదే ఉంటుంది.

జవాబు (స్కోర్ షీట్):
పై జవాబుకు చేర్పు. రిలయబిలిటీ అనాలిసిస్‌లో ఐటెమ్-టోటల్ కోరిలేషన్ల టేబుల్ (ఒక్కో ప్రశ్న మిగతా మొత్తంతో ఎంత కలిసి నడుస్తుందో చూపేది) కూడా తెప్పించండి. 4, 5, 7, 8కే మైనస్ వస్తుంటే రివర్స్ జరగలేదన్నమాట. జమోవి అనే మరో గణాంకాల సాఫ్ట్‌వేర్ వాడితే ఇంకో చిక్కు: అందులోని రివర్స్ స్కేల్డ్ ఐటెమ్స్ బాక్సు ఆ టేబుల్‌కు మాత్రమే పనిచేస్తుంది, డేటా మారదు. ఆల్ఫా బాగుందని తిప్పని కాలమ్స్‌తోనే మొత్తం వేసేస్తే స్కోరు తప్పు.

మొత్తం 0 నుంచి 40 మధ్య ఉండాలి. ఎస్‌పీఎస్‌ఎస్‌లో సమ్ ఫంక్షన్ ఖాళీ జవాబుల్ని వదిలేసి మిగతావి కూడుతుంది. అంటే ఒక ప్రశ్న వదిలేసిన విద్యార్థికి ఒత్తిడి తక్కువున్నట్టు చూపిస్తుంది. బదులుగా మీన్.9 వాడి 10తో గుణించండి, కనీసం 9 జవాబులు ఉన్నవాళ్లకే స్కోరు వస్తుంది.

నిద్ర గంటల సంగతి: ఎవరో "6-7" అనో "ఆరు" అనో రాసుంటారు. ఒక్క సెల్‌లో అక్షరాలున్నా కాలమ్ మొత్తం స్ట్రింగ్‌గా (అంకెలుగా కాక అక్షరాలుగా) దిగొచ్చు. రేంజ్ రాసినవాళ్లకు మధ్య విలువ పెట్టి, ఆ నియమాన్ని మెథడ్ చాప్టర్లో రాయండి.

పీజీ సైకాలజీ:
అవునండీ, లేబుల్స్ మీరు చెప్పినట్టే ఉన్నాయి. మళ్లీ కోడ్ చేశాక ఆల్ఫా 0.79 వచ్చింది. ఇప్పుడు డేటా నార్మల్‌గా (గంట ఆకారంలో) ఉందో లేదో చూసే షపిరో-విల్క్‌లో పీ విలువ 0.03. టీ-టెస్ట్ మానేసి మాన్-విట్నీ (నార్మల్‌గా లేని డేటాకు వాడే టెస్ట్) చేయాలా?

జవాబు (కొలమానం):
అంత మాత్రాన అక్కర్లేదు. శాంపిల్ పెరిగేకొద్దీ షపిరో-విల్క్ చిన్న తేడాను కూడా పట్టుకుంటుంది. రెండు గ్రూపులకు విడివిడిగా హిస్టోగ్రామ్, క్యూ-క్యూ ప్లాట్ చూడండి. బాగా ఒక పక్కకు ఒరిగి, దూరంగా విలువలు ఉంటే తప్ప వెల్ష్ టీ-టెస్ట్ సరిపోతుంది. ఎస్‌పీఎస్‌ఎస్ టేబుల్‌లో ఈక్వల్ వేరియన్సెస్ నాట్ అజ్యూమ్‌డ్ అని ఉండే రెండో వరుస అదే. మీ రెండు గ్రూపుల్లో మంది సమానంగా లేరు కాబట్టి లెవీన్ (రెండు గ్రూపుల వేరియన్స్ సమానమా అని చూసే టెస్ట్) ఫలితంతో సంబంధం లేకుండా దాన్నే రిపోర్ట్ చేయండి. మీన్లు, ఎస్డీలు (స్టాండర్డ్ డీవియేషన్లు), టీ, దశాంశాలతో డీఎఫ్ (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్), పీ, కోహెన్ డీ (తేడా ఎంత పెద్దదో చెప్పే అంకె) అన్నీ ఇవ్వాలి. పీ 0.000 అని కనిపిస్తే 0.001 కంటే తక్కువ అని రాయండి.